ఎర్రబండి పక్కన గీత

మొన్న మా ఇంటికి కుట్టుమిషను బాగుచెయ్యడానికి ఒకాయన వచ్చాడు. మిషను తిరగేసి, జిడ్డుపట్టిన ఇనప ముక్కలన్నీ విప్పి పాత పేపరు మీద పరిచి, చిరిగిన బనీను గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. వంటింట్లో పోపు వేస్తున్నదాన్ని పొయ్యి ఆపేసి వచ్చి వసారాలో నిలబడ్డాను. "ఇంకా కిరసనాయిలు దొరుకుతోందాండీ?" అని అడిగితే, "పాతది దాచుకున్నానండి, అయిపోతే ఇక లేదు" అన్నాడు. కిరసనాయిలు, అందులో కరిగే పాత జిడ్డు, వాటి వెనకాల చల్లటి ఇనుము కలిసిన ఆ వాసన మా రాజమండ్రి అపార్టుమెంటులో ఇంకెవరికీ ఏమీ కాదు. నాకు మాత్రం అది మా నాన్న వాసన.

నాన్న అమలాపురంలో అవధానిగారి ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు గళ్ళపెట్టెల్లోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా వరసలో పేర్చి, కట్టుకట్టి, తొక్కుడు మిషనుకి ఎక్కించడం ఆయన పని. మాఘంలో శుభలేఖలు, ఎండలు ముదిరే ముందు బళ్ళ ప్రశ్నపత్రాలు, కార్తీకంలో గుళ్ళవాళ్ళ కరపత్రాలు, డిసెంబరు రాగానే మా చర్చి పాటల పుస్తకాలు. మా ఇంట్లో ఋతువులు మారడం నాన్న లాల్చీ జేబులో ఉండే ప్రూఫు కాగితాల్ని బట్టి తెలిసేది. సాయంత్రం అచ్చు విప్పేసి, సిరా అంటిన అక్షరాలన్నీ కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ ఏ గడిలోది ఆ గడిలో వేసి, సైకిలెక్కి కాలవగట్టున ఉన్న మా ఇంటికి వచ్చేవాడు. అప్పటికి కాలవలో కొబ్బరికాయల పడవలు ఒడ్డుకు చేరుకుని ఉండేవి. అమ్మ పొయ్యి ముందు కంద ముక్కలు తరుగుతూ ఉండేది. నేనూ పక్కింటి మేరీ అరుగు మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ ఉండేవాళ్ళం. నాన్న ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దినా వేళ్ళ చివర్లు బూడిదరంగులోనే ఉండేవి. ఆ వేళ్ళతోనే మాకు పాకుండలు తుంచి పెట్టేవాడు. మధ్యాహ్నం కారియరు విప్పి అన్నం కూడా ఆ వేళ్ళతోనే తినేవాడు.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, వయసులో ఉన్నప్పటి నుంచి ఆడపిల్లల బడి మిస్సమ్మగారింట్లో వంట చేసేది. ఆ మిస్సమ్మగారు అమెరికావిడ. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉండి, పిల్లలకి లెక్కలు చెప్పి, ఆవకాయ తినడం నేర్చుకుని, నేను పుట్టిన ఏడాదే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. వెళ్ళాక నెలకో ఉత్తరం రాసేది. మామ్మకి చదువు రాదు. అయినా ఉత్తరం మామ్మ పేరునే వచ్చేది, అదీ తెలుగులో. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో, పాత పుస్తకాల భాషలో ఉండేది. నాన్న చదువుతుంటే మామ్మ అడ్డపొగ చుట్ట ఆర్పేసి, చెంగు సవరించుకుని, మిస్సమ్మగారు ఎదురుగా ఉన్నట్టే కూర్చుని "ఆయ్... ఆయ్ అమ్మగారూ" అంటూ వినేది. విన్న తరవాత ఆ ఉత్తరాన్ని మడతలు చెడకుండా కవరులో పెట్టి, తన రేకుపెట్టెలో చీరల కింద దాచుకునేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆ కవర్ల మీదకి ఎర్రబండి వచ్చింది. అంతకు ముందు ఏవేవో బొమ్మలుండేవి, గుర్తులేవు. ఇదొక చిన్న స్టాంపు. పెద్ద చక్రాలతో, గుర్రం లేకుండా, మిరపపండు రంగులో ఒక బండి. ప్రతి కవరు మీదా రెండేసి ఉండేవి. అది వెనకటి కాలపు మంటలార్పే బండి అని అవధానిగారు చదివి చెప్పారు. మామ్మ నమ్మలేదు. అది మిస్సమ్మగారి సొంత బండేనని, ముసలితనంలో నడవలేక కొనుక్కుని ఉంటారని అనుకుంది. పోస్టుమేను తెచ్చే ఉత్తరాల్లో ఏది తనదో చదువు లేకుండానే పోల్చుకోవడానికి మామ్మకి ఆ ఎర్రబండే ఆనవాలు. దూరం నుంచే చూసి, "నా బండొచ్చిందే" అనేది.

నాన్నకి స్టాంపులు దాచే అలవాటేమీ లేదు. ఒక రోజు ఉత్తరం చదివి కవరు మామ్మకి ఇవ్వబోతూ ఆగి, భూతద్దం తెమ్మన్నాడు. ప్రూఫులు దిద్దడానికి వాడే అద్దం అది. కుడివైపు స్టాంపు అంచున ఉండే పళ్ళ చివర సన్నగా ఎరుపు అంటుకుని ఉంది. అక్కడ ఎరుపు ఉండకూడదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య తెల్లగా ఉండాలి.

"అచ్చులో తప్పు పడిందే బుజ్జీ. అంత పెద్ద దేశంలో!" అన్నాడు నాన్న, ఎవరో తన చేతికి తాంబూలం ఇచ్చినంత సంతోషంగా.

అప్పటి నుంచి ప్రతి కవరూ చూసేవాడు. స్టాంపుకి పైనా కిందా పళ్ళు లేవని, కత్తితో కోసినట్టు నున్నగా ఉందని, పళ్ళు పక్కలకే ఉన్నాయని ముందు కనిపెట్టాడు. అంటే ఇవి చీరంచులా పొడుగ్గా చుట్టిన చుట్టలోంచి వస్తున్నాయన్నమాట. కుర్రతనంలో ఒక ఏడాది బెజవాడలో పత్రికలు అచ్చేసే పెద్ద మిషను దగ్గర పనిచేశాడు కాబట్టి, అలాంటి చుట్టలు గిర్రున తిరిగే సిలిండరు మీదే అచ్చవుతాయని ఆయనకి తెలుసు. మరి ఆ ఎరుపు? రెండు ఆదివారాలు ఆలోచించి, మూడో ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో ఒక వెదురుముక్క తెచ్చాడు. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, మళ్ళీ కలిపి రెండు కొసలా పురికొసతో కట్టి, ప్రెస్సు నుంచి తెచ్చిన ఎర్రసిరా పైనంతా పూసి, గుడ్డతో గట్టిగా తుడిచేసి నా చేతికిచ్చాడు.

"ఈ కాయితం మీద దొర్లించు."

దొర్లించాను. కాగితం మీద ఏమీ పడలేదు, పడలేదు, ఠక్కున ఒక ఎర్రగీత పడింది. మళ్ళీ ఖాళీ, మళ్ళీ గీత. తుడిచిన గుడ్డకి అందకుండా చీలికలో దాక్కున్న సిరా, ఆ చీలిక కాగితాన్ని తాకినప్పుడల్లా దిగుతోంది.

"చూసేవా? అచ్చు పలకలు రెండు. ఒక్కోటీ సగం డొప్పలాగ వంచి, రెండూ కలిపి సిలిండరుకి తొడుగుతారు. ఎంత బాగా బిగించినా అతుకు అతుకే కదమ్మా. అందులో సిరా ఇరుక్కుంటది. ఆ అతుకు దగ్గర పడ్డ రెండు స్టాంపుల మధ్యా గీత పడతది." వెదురుముక్కని తనే తీసుకుని మరో రెండు సార్లు దొర్లించాడు. అమ్మ వచ్చి, అరుగంతా పాడుచేశారని ఇద్దర్నీ కేకలేసింది.

మాకు వచ్చినదాంట్లో గీత సరిగ్గా చింపిన చోట పడింది, అందుకే పళ్ళకి మాత్రం అంటుకుంది. రెండు స్టాంపులూ విడకుండా, మధ్యలో గీత నిండుగా ఉన్న జత కావాలని నాన్నకి కోరిక పుట్టింది. ఆయన తన కోసం ఏదైనా కావాలనడం నేను వినడం అదే మొదటిసారి. మామ్మ తరఫున రాసే జవాబు చివర్లో సిగ్గుపడుతూ నాలుగు ముక్కలు రాశాడు. రెండు నెలలకి వచ్చిన మిస్సమ్మగారి ఉత్తరంలో నాన్నకి విడిగా ఒక పేరా ఉంది.

"రత్నమా, నీ ప్రశ్నవలన నేను తపాలా కచ్చేరిలో ఒక చుట్ట కొని, భోజనపు బల్లమీద పరచి లెక్కించితిని. ఇరువదినాలుగు బండ్లు, పిమ్మట గీత. మరల ఇరువదినాలుగు బండ్లు, పిమ్మట గీత. గీత ప్రక్కనున్న బండి క్రింద చీమ తలకాయంత అంకె కలదు. ఒకచోట అయిదు, తరువాతి చోట ఆరు. నా ముసలి కన్నులకు ఇంత పని చెప్పినవాడవు నీవొక్కడవే."

"అమ్మగారు చుట్ట కొన్నారా?" అని మామ్మ అదిరిపడింది. అది పొగచుట్ట కాదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. నాన్న మాత్రం ఆ అయిదూ ఆరూ దగ్గరే ఆగిపోయాడు. రెండు పలకలకీ చెరో నంబరు! తను ఊహించింది నిజమేనని అంతదూరం నుంచి ఒకరు లెక్కపెట్టి చెప్పడం ఆయనకి ఎంత గొప్పగా ఉందో, ఆ రోజు అవధానిగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఉత్తరం చూపించి వచ్చాడు. ఆ తరవాత మిస్సమ్మగారు గీత ఉన్న జతని మా కోసం ఏరి పెట్టి, అతుకు మధ్యకి వచ్చేలా చింపి అంటించేది. కానీ తపాలా ముద్ర నల్లటి చారలతో దానిమీదే పడి, అంకె కనపడకుండా పోయేది. నాన్న అయినా కవరు మూల కత్తిరించి, పింగాణీ పళ్ళెంలో నానబెట్టి, స్టాంపు ఊడదీసి, కిటికీ అద్దానికి ఆరబెట్టి, నా పాత లాంగుబుక్కులో పెట్టుకునేవాడు. ఒకసారి బండి చక్రం మీద వెంట్రుకంత గీటు కనిపించింది. ఆరు నెలల తరవాత వచ్చిన ఇంకో స్టాంపు మీద అదే చక్రానికి అదే చోట అదే గీటు. "ఇదీ అదీ ఒకే పలక మీద ఒకే గడిలో పుట్టినయ్యే. మా పెట్టెలో తోక విరిగిన శ్రీ ఉంది చూడు, అది ఏ శుభలేఖలో పడ్డా నాకు తెలిసిపోతది, అలాగ" అన్నాడు.

కవర్లకి మూలలు పోతున్నందుకు మామ్మ గొణిగేది గాని, కొడుకు మొహం చూసి ఊరుకునేది.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి నాన్న చేతుల్లోంచి అక్షరాలు జారడం మొదలైంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరవాత అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు కంచంలో పడేది. వినాయకచవితి వెళ్ళి ముసురు పట్టిన రోజుల్లో కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. మోచెయ్యి లేస్తుంది, చెయ్యి లేవదు, నీళ్ళందని తోటకూర కాడలా వేలాడుతుంది. కొన్నాళ్ళకి ఎడమది కూడా అలాగే అయింది. ఆసుపత్రిలో డాక్టరుగారు నాన్న చిగుళ్ళు చూసి, వేళ్ళు చూసి, "సీసమండీ" అన్నారు. "ఇన్నేళ్ళూ ముట్టుకున్నారు, ఆ చేత్తోనే తిన్నారు. ఇంక ఆ పని మానెయ్యాలండి."

"మానేస్తే తగ్గుతదాండీ?" అని అమ్మ అడిగింది.

"కొంత తగ్గొచ్చండి. చెప్పలేం."

అవధానిగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వేదం చదివిన వంశంలో పుట్టి అచ్చు ప్రెస్సు పెట్టుకున్న పెద్దమనిషి. నాన్నని ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. "ప్రూఫులు చూడండి రత్నంగారూ, చాలు" అన్నారు. కానీ ప్రూఫు దిద్దడానికి పెన్ను పట్టుకోవాలి. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. ఆ మర్నాటి నుంచి అమ్మ చుట్టాల దగ్గర పాత కుట్టుమిషను తెచ్చుకుని లంగాలు, జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. నాన్న రోజంతా కిటికీ పక్కన కూర్చుని ఉండేవాడు. లాంగుబుక్కులో పేజీలు నేను తిప్పేదాన్ని. అద్దం నేను పట్టుకునేదాన్ని. "కొంచెం పైకి... ఆఁ, అక్కడే" అనేవాడు.

మరుసటి ఏడు శ్రావణంలో, మధ్యాహ్నం వాన కురుస్తుండగా మిస్సమ్మగారి ఉత్తరం వచ్చింది. అక్షరాలు వంకర్లు పోయి, రెండే పేరాలు. నేను చదివాను. చదువుతుంటే మామ్మ అడిగింది, "అమ్మగారికి ఒంట్లో బాలేదా?" అని. అలాగని ఉత్తరంలో లేదు. కవరు మీద జత చూసి నాన్న గబగబా నా పక్కకి జరిగాడు. తపాలా ముద్ర మూలకి తప్పుకుంది. రెండు బండ్ల మధ్యా నిలువునా గట్టి ఎర్రగీత, పక్కనే కింద, అద్దం లేకుండానే కనపడుతూ, అయిదు.

మూల కత్తిరించి పళ్ళెంలో వేశాను. నాన్న పక్కనే కూర్చున్నాడు. "తొందరపడకమ్మా. కాయితం దానంతటది వదలాలి." అప్పటికి వాన తగ్గింది. బయట మేరీ గచ్చకాయలు పట్టుకుని నన్ను పిలుస్తోంది. "వస్తన్నా" అని అరుస్తూనే ఎడమవైపు స్టాంపు కొస పట్టుకుని లేపాను. అది సులువుగానే లేచింది. రెండోది లేవలేదు. దాని వీపు ఇంకా కవరుకి అంటుకునే ఉంది. తడిసిన పళ్ళు ఒక్కొక్కటే విడిపోవడం నాకూ కనిపించింది, నాన్నకీ కనిపించింది. ఆయన చెయ్యి గబుక్కున పైకి లేచింది. నా చెయ్యి పట్టుకోవడానికి అనుకుంటాను. మోచేతి దాకానే వచ్చి, మణికట్టు వాలిపోయి, అక్కడే ఆగిపోయింది. "ఆ" అన్న చిన్న శబ్దం ఒకటి వచ్చింది. అప్పటికి నా వేళ్ళలో ఒక స్టాంపు, నీళ్ళలో ఒక స్టాంపు ఉన్నాయి. గీత అటు సగం, ఇటు సగం అయింది.

"పర్లేదమ్మా" అన్నాడు. "తడిసింది కదా. పర్లేదు. రెండూ అద్దానికి అంటించు, ఆరతాయి." కాసేపటికి మేరీ అరుగు మీంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అమ్మతో, "నేనే చెప్పడం ఆలస్యం చేసేను" అనడం విన్నాను. ఆయన చెప్పడంలో ఆలస్యమేమీ లేదు.

మర్నాడు ఎవరూ చూడకుండా వెనక సన్నటి కాగితం పెట్టి, తుమ్మజిగురుతో రెండూ అతికించి, ఎర్రగీత మళ్ళీ ఒక్కటయ్యేలా పళ్ళల్లో పళ్ళు కూర్చి, పుస్తకంలో పెట్టి తీసుకెళ్ళాను. "నాన్నా, చూడు, విడిపోలేదు, కొంచెం చిరిగింది అంతే" అన్నాను. అద్దం పట్టుకోమన్నాడు. చాలాసేపు చూశాడు. వెంట్రుకంత గీటు పట్టుకోగల కళ్ళు అవి. "ఆయ్, బావుందమ్మా" అన్నాడు.

ఆ తరవాత మిస్సమ్మగారి ఉత్తరాలు ఆగిపోయాయి. డిసెంబరు మొదట్లో, అమ్మ ఇంటికి సున్నం వేయిస్తుంటే, ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. దాని మీద పెద్ద స్టాంపు ఒక్కటే ఉంది. బండి లేదు కాబట్టి మామ్మ అది తనదనుకోలేదు. అవధానిగారు చదివి చెప్పారు. రాసింది మిస్సమ్మగారి మేనకోడలు. మిస్సమ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారట. మామ్మ రెండోసారి చదవమంది. మళ్ళీ చదివారు. చదవడానికి వచ్చిన అవధానిగారు వెళ్ళాక రేకుపెట్టె తీసి, ఆఖరి ఉత్తరం ఏదో తియ్యమంది. తీసి ఇచ్చాను. మామ్మ ఆ కవరు అటూ ఇటూ తిప్పి, మూల ఉన్న కంతలో వేలు పెట్టి, నా వైపు చూసింది.

"అమ్మగారి బండేదే?"

మిగతా కవర్లు తిరగేశాను. పెట్టెలో ఉన్న ఎర్రబండి కవర్లన్నింటికీ మూలలు లేవు. మామ్మకి అక్షరాలు రావు, ఇంక ఆ కాగితాల్లో మిస్సమ్మగారు ఎక్కడా లేరు. నాన్న కిటికీ దగ్గర్నుంచి అంతా చూస్తున్నాడు.

"పుస్తకంలోంచి తీసి అంటించెయ్యి బుజ్జీ" అన్నాడు.

"ఏది నాన్నా?"

"అదే. అయిదుది."

కంతకి వెనక నుంచి కాగితం పెట్టి, దాని మీద ఆ జత అంటించాను. ఈసారి తొందరపడలేదు. నాన్న చెప్పకుండానే తిన్నగా, మునుపు ఉన్న చోటే పెట్టాను. మామ్మ అది తలగడ కింద పెట్టుకుంది. ఏడాదిన్నర తరవాత మామ్మ పోయినప్పుడు, శవపెట్టె మూసే ముందు అమ్మ ఆ కవరు మామ్మ చేతుల కింద ఉంచింది. చర్చి పెద్దలు ఏంటని అడగలేదు. మేమూ చెప్పలేదు.

నాన్న చేతులు కొంత తేరుకున్నాయి. గ్లాసు పట్టుకునేవాడు, ముద్ద కలుపుకునేవాడు. అక్షరం మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. ప్రెస్సులోకి కొత్త మిషన్లు వచ్చాక సీసపు అక్షరాలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తి కరిగించడానికి పంపేశారు. ఆ రోజు నాన్నని కూడా పిలిచారు. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి చూసి వచ్చాడు. ఏమైందని అమ్మ అడిగితే, "ఎత్తేసేరు" అన్నాడు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది.

ఈ మధ్య అమలాపురం వెళ్ళినప్పుడు చూస్తే ప్రెస్సు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కాలవలో పడవలు లేవు, గుర్రపుడెక్క నిండిపోయింది. శుభలేఖలు ఫోన్లోకి వస్తున్నాయి. మా వీధిలో పోస్టుమేను బ్యాంకు కాగితాలు తప్ప తెచ్చేదేమీ లేదు. నాతో పనిచేసిన టీచరుగారి భర్త ఒకాయన, రిటైరయ్యాక స్టాంపులు పోగుచేస్తున్నారు. నాన్న లాంగుబుక్కు సంగతి విని చూడటానికి వచ్చారు. ఒక్కొక్క పేజీ మెల్లగా తిప్పి, గీటు పడ్డ చక్రాలు రెండూ పక్కపక్కన పెట్టి ఉండటం చూసి, "ఇది ఎవరు చెప్పేరండీ ఆయనకి?" అని ఆశ్చర్యపోయారు. ఇప్పుడు సిలిండరుకి రెండు డొప్పలు ఉండవని, అతుకు లేని గొట్టం ఒకటే తొడుగుతారని, అందుకని గీతే పడదని ఆయనే చెప్పారు. నాన్నకి ఈ మాట చెబితే ఎంత సంబరపడేవాడో.

తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగారు. అక్కడ జిగురు మరక, దాని కింద నా ఏడో తరగతి దస్తూరీలో, నాన్న చెబుతుంటే రాసిన "అయిదు" అన్న మాట ఉన్నాయి. పైన ఏమీ లేదు.

"ఇది పోయిందాండీ? అయ్యో, ఇది దొరకనిదేమీ కాదండీ. నా దగ్గరే రెండున్నాయి, విడకుండా, గీతతో సహా. రేపు తెచ్చిస్తాను."

"వద్దండీ" అన్నాను.

"ఖాళీగా ఉంది కదండీ?"

ఆయన మంచి మనిషి. ఎందుకు వద్దో చెప్పాలని నోరు తెరిచాను. "ఉండనివ్వండి, కాఫీ తెస్తాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.